ఒక్కసారే ఆగిన బండి

నా బండి కొన్న మూడేళ్ళలో ఒక్కసారే ఆగింది. అంతకుముందు మా ఇంట్లో ఉన్న నాన్నగారి బండి వారానికోసారి ఆగేది. ఈ లెక్క ఎవరికి చూపించినా నా బండే గొప్పదంటారు. మా అక్కకి మాత్రం ఇంతవరకూ చూపించలేదు.

నాన్నగారి బండి ఆగడం మా ఇంట్లో వార్త కాదు. ఆగేది. ఆయన దిగి, ప్లగ్గు విప్పి, పంచె అంచుతో తుడిచి, బిగించి, కిక్కు కొట్టేవారు. పెట్రోలు అడుక్కి చేరితే బండిని ఓ పక్కకి వంచి, పసిపిల్లకి పాలు పట్టినట్టు కాసేపు అలాగే పట్టుకునేవారు. మిగిలిన చుక్కలు దిగేవి, ఇంటికొచ్చేసేవారు. బండికున్న పెట్టెలో రెండు స్పానర్లు, ఒక పాత ప్లగ్గు, అరచేతంత చెక్కముక్క ఉండేవి. చెక్కముక్క మా నేల కోసం. వాన పడిందంటే మా వైపు మట్టి వెన్నముద్దే. సైడ్ స్టాండు వేసి వెనక్కి తిరిగేలోగా అది భూమిలోకి దిగిపోయి బండి పడుకుంటుంది. అందుకని స్టాండు కింద చెక్క.

పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చాను. దీనికి కిక్కు లేదు, కార్బురేటర్ లేదు, పెట్టె లేదు. ఫోనుతో మాత్రం మాట్లాడుతుంది. నాన్నగారు చెక్కముక్క పట్టుకొచ్చి, "ఇదెక్కడ పెడతావురా?" అన్నారు.

"దీనికి అలాంటివి అక్కర్లేదండి. ఇందులో కంప్యూటర్ ఉంది."

"కంప్యూటర్ ఉంటే బురదలో దిగదా ఏంటి?"

నేను నవ్వాను. చెక్కముక్క వేణ్ణీళ్ళ పొయ్యిలోకి వెళ్ళింది. బాగానే మండింది.

అప్పటికి అక్క నాలుగేళ్ళుగా గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలు రాస్తోంది. పొద్దున్నా సాయంత్రం పిల్లలకి ట్యూషన్లు, మధ్యలో చదువు. ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. నేను బండి కొన్నాక వచ్చిన నోటిఫికేషన్ ఆఖరిది. నోటిఫికేషన్లకి కాదు, అక్క వయసుకి. మళ్ళీ వచ్చేసరికి వయోపరిమితి దాటిపోతుంది. సెంటరు కాకినాడలో. తొమ్మిదింటికి గేటు మూసేస్తారు. పరీక్ష ఆదివారం, బస్సులు తక్కువ కాబట్టి ఆరింటి బస్సుకే వెళ్ళిపోతానంది అక్క.

"నా బండి ఉండగా బస్సేంటక్కా? గంటలో దింపేస్తా" అన్నాను.

ఈ వాక్యం అన్నది నేనే. దాన్ని ఇంకెవరి మీదకైనా నెడదామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

రాత్రంతా వాన కురిసింది. పొద్దున్నే ద్రాక్షారామంలో ఆగాం. హాల్ టికెట్టు భీమేశ్వరుడి దగ్గర పెట్టించి మరీ వెళ్ళాలని అమ్మ ఆర్డరు. గుడి గోడ పక్కన బండి పెట్టాను. తిరిగొచ్చేసరికి స్టాండు నాలుగు వేళ్ళు దిగి, బండి దేవుడికి దండం పెడుతున్నట్టు ఒంగి ఉంది. ఊడబీకి, కాలితో స్టాండు ఎత్తి బయల్దేరాను. ఊరు దాటి కాలవ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే ఇంజను ఆగిపోయింది. ఏడున్నర.

బటన్ నొక్కితే స్టార్టయింది. గేరు వేశాను, ఆగింది. మళ్ళీ స్టార్టయింది. గేరు వేశాను, ఆగింది. మీటరు మీద పసుపురంగులో ఏదో బొమ్మ వెలిగింది. చూడ్డానికి విరిగిన కుర్చీలా ఉంది. ఫోను తీస్తే "సమీపంలోని సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి" అని వచ్చింది. మర్యాదగానే చెప్పింది. ఆదివారం సర్వీస్ సెంటరుకి సెలవు.

"గేరు వేసినప్పుడే ఆగుతోందిరా" అంది అక్క.

"ఉండక్కా, నీకు తెలీదు."

సైకిలు మీద గడ్డిమోపుతో వస్తున్న పెద్దాయన ఆగారు. "ఏమైందండీ?"

"ఆగిపోయిందండి."

"పెట్రోలు దిగట్లేదేమోనండి. ఓసారి పక్కకి వంచండి. ఆయ్, బాగా వంచాలండి, మొహమాటపడితే దిగదు."

మా నాన్నగారు ఏళ్ళ తరబడి చేయగా చూసిన పని. ఇద్దరం కలిసి నేలకి ఆనేదాకా వంచాం. బండికి ఒక సెన్సార్ ఉంటుందట. అంత వంగితే బండి పడిపోయిందనుకుని ఇంజను కట్ చేసేస్తుంది. తాళం తీసి మళ్ళీ పెట్టేదాకా ఒప్పుకోదు. అప్పుడు నాకు తెలియదు. అంతవరకూ స్టార్టయి ఆగుతున్నది ఇప్పుడు స్టార్టవడం కూడా మానేసింది. పెద్దాయన ప్లగ్గు తుడుద్దామన్నారు. ప్లగ్గు ఎక్కడుందో ఇద్దరికీ కనపడలేదు.

అప్పుడే కాకినాడ బస్సు వచ్చింది.

"ఎక్కేస్తానురా" అంది అక్క.

"ఐదు నిమిషాలక్కా, అయిపోతుంది."

రోడ్డు పక్కన అట్లు వేస్తున్నావిడ అట్లకాడ ఆపి అరిచింది. "బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు అమ్మాయిని బస్సెక్కించు బాబూ!"

అక్క నా మొహం చూసింది. నేను బండిని చూస్తున్నాను. బస్సు వెళ్ళిపోయింది. అక్క కోపంతో ఏదైనా అని ఉంటే బాగుండేది. "సరే చూడు" అంది, అంతే.

ఎనిమిదింపావుకి చేపల బుట్టలతో షేర్ ఆటో ఒకటి వచ్చింది. ఈసారి అక్క నన్ను అడగలేదు. ప్లాస్టిక్ కవరులో హాల్ టికెట్టు, నల్ల పెన్నులు రెండు, ఒళ్ళో పెట్టుకుని బుట్టల మధ్య ఇరుక్కుని కూర్చుంది. నేను బండి దగ్గరే ఉండిపోయాను. అక్కతో వెళ్ళాలని అప్పుడు తోచలేదు. బండిని దొంగలెత్తుకుపోతారని భయం. నడవని బండిని.

ఆటో కనుమరుగయ్యాక కోపమొచ్చి స్టాండుని ఒక్క తన్ను తన్నాను. ఎండిన బురద పెళ్ళ ఊడి పడింది, స్టాండు టక్కున పైకి పోయింది. తాళం తీసి మళ్ళీ పెట్టి బటన్ నొక్కాను. గేరు వేశాను. ఆగలేదు. విరిగిన కుర్చీ మాయమైంది. అది కుర్చీ కాదు, స్టాండు బొమ్మ. స్టాండు పూర్తిగా పైకి లేవకపోతే గేరులో ఇంజను నడవనివ్వదు, మన ప్రాణరక్షణ కోసం.

పెద్దాయన సంతోషించారు. "చూశారా, వంచినందుకే దారికొచ్చిందండి" అన్నారు. కాదనే ఓపిక లేక దండం పెట్టి బయల్దేరాను.

సెంటరు చేరేసరికి గేటు మూసి ఉంది. బయట ఏడెనిమిది మంది కానిస్టేబుల్‌ని బతిమాలుతున్నారు. ఒకమ్మాయి గేటు ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. అక్క వాళ్ళలో లేదు. ఎదుటి జిరాక్స్ షాపు మెట్ల మీద కూర్చుని ఉంది. నాలుగు నిమిషాలు ఆలస్యమైందట. ఆటో దారిలో చేపలు దింపిందట.

నేను పక్కన కూర్చున్నాను.

"ఎందుకాగిందో తెలిసిందా?" అంది అక్క.

"స్టాండులో బురద."

అక్క హాల్ టికెట్టు రెండుగా మడిచింది. "నాన్నగారి చెక్కముక్క ఉండాలే" అంది.

"పొయ్యిలో వేశాను."

"ఊఁ" అంది.

తిరుగు ప్రయాణంలో బండి ఎక్కడా ఆగలేదు. ఎక్కడైనా ఆగితే బాగుండుననుకుంటూ నడిపాను, కనీసం తప్పు దానిదే అనిపించేది. ఇంట్లో నాన్నగారు మా మొహాలు, స్టాండుకి అంటిన బురద చూశారు. పెరట్లోకి వెళ్ళి ఏదో నరుకుతూ కూర్చున్నారు. మర్నాడు చూస్తే బండి హ్యాండిల్‌కి తాడుతో కట్టిన కొత్త చెక్కముక్క వేలాడుతోంది.

ఇప్పుడు అక్క రామచంద్రపురంలో ఒక నెట్ సెంటర్లో పనిచేస్తోంది. పరీక్షలకి అప్లికేషన్లు నింపుతుంది, హాల్ టికెట్లు ప్రింటు తీసిస్తుంది. మొన్న వాన మొదలైందని గొడుగు ఇవ్వడానికి వెళితే, కౌంటరు ముందు ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఎలా వెళ్తున్నారు?" అనడిగింది అక్క, కాగితం వాళ్ళకి అందిస్తూ.

"బండి ఉందండి మేడమ్. కొత్తదండి, గంటలో వెళ్ళిపోతాం."

"ముందురోజు సాయంత్రమే బస్సెక్కి వెళ్ళిపోండి" అంది.

వాళ్ళు నవ్వారు, కొత్త బండి ఉన్నవాళ్ళు నవ్వినట్టే. నేను గొడుగు బల్ల మీద పెట్టాను. సాయంత్రం తనని బండి మీద ఇంటికి తీసుకెళ్తానని చెప్పాలని కూడా వచ్చాను కానీ, తన బస్సు ఎన్నింటికని మాత్రమే అడిగాను.