నీడలు మింగేవాడికీ ఇనుప చక్రవర్తికీ యుద్ధం

నా చిన్నప్పుడు నాకు తెలిసిన లోకంలో ఇద్దరే ఇద్దరు పరమ దుర్మార్గులు. ఒకడు నావాడు, ఇంకొకడు మా తమ్ముడివాడు. వాళ్లిద్దరూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారన్నది ఆ ఏడు మాకు పరీక్షలకన్నా పెద్ద సంగతి. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. వయసులో నాకన్నా రెండేళ్లు చిన్న, నోట్లో మాత్రం నాలుగేళ్లు పెద్ద.

నావాడు నీడలు మింగే మాంత్రికుడు. మా ఊళ్లో రంగుల టీవీ ఉన్న ఒక్క ఇంటి అరుగు మీద కూర్చుని, ఆదివారం కరెంటు ఉంటే, వాడు వచ్చే సీరియల్ చూసేవాళ్లం. వాడు నోరు తెరిచి మనిషి నీడను పీల్చేశాడంటే ఆ మనిషి ఇక వాడు చెప్పినట్టు వినాల్సిందే. తమ్ముడివాడు ఇనుప చక్రవర్తి. చిన్నాయన భద్రాచలం బస్టాండులో కొనిచ్చిన బొమ్మల పుస్తకంలో ఉండేవాడు. ఏదో గ్రహం నుంచి దిగాడు, వాడు కాలు పెట్టిన చోటల్లా నేల ఇనుమైపోతుంది. టీవీలోవాడు పుస్తకంలోకి పోలేడు, పుస్తకంలోవాడు టీవీలోకి రాలేడు. కాబట్టి ఆ యుద్ధం జరిపించే పూచీ మా ఇద్దరి మీదే పడింది.

ఇనుముకైనా నీడ ఉంటుంది కదా, మావాడు దాన్ని మింగేస్తాడు అని నేననేదాన్ని. మావాడు మిట్టమధ్యాహ్నమే వస్తాడు, అప్పుడు నీడే పడదు అని వాడనేవాడు. దానికి జవాబు వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది. మిట్టమధ్యాహ్నం కూడా కాళ్లకింద కాసింత నీడ ఉంటుందని ఎండలో నిలబడి చూపించాను.

దుమ్ముగూడెం దాటి కొంచెం పోతే గోదావరి ఒడ్డున మా మేనత్త మిర్చి తోట. మామయ్య పోయిన తర్వాత ఆమె ఒంటిచేత్తో వేసిన మొదటి పంట అది. ఆడమనిషికి మిర్చి ఎందుకు, పత్తి పెట్టుకోరాదా అన్నవాళ్లలో మా చిన్నాయన కూడా ఉన్నాడు. అయినా అత్త మిర్చే పెట్టింది. చెట్టు చెట్టుకూ వంగి, ఊరంతా ఆగి చూసేంత కాయ కాయించింది. ఇక మిగిలింది ఆ కాయను కల్లంలో పోసి గలగలలాడేలా ఎండబెట్టి బస్తాలకెత్తడమే. ఎండేలోపు వాన పడిందంటే కాయ తెల్లబడి తాలు అయిపోతుంది. ఆమె చేయలేదని అన్నవాళ్ల మాటే నిలబడుతుంది.

అందుకే మా వైపు మిర్చి రోజుల్లో పిల్లలకు ఒక ఉద్యోగం ఉండేది. మబ్బు కాపలా. ఒంటిపూట బడి అయిపోగానే కల్లం పక్కన కూర్చుని, గోదావరి అవతలి గుట్టల మీద మబ్బు కనబడితే కేక వేయాలి. తోటలో కాయ కోస్తున్నవాళ్లు పరుగున వచ్చి కాయను కుప్పచేసి పరదాలు కప్పుతారు. పెద్దవాళ్లు వంగి పని చేస్తుంటారు, ఆకాశం వైపు చూడరు. చూడటానికి తీరిక ఉన్నది పిల్లలకే.

ఆ తీరికలోనే మా యుద్ధానికి చోటు దొరికింది. ముందు ఎర్రటి కల్లం, దాని వెనుక ఇసుక, ఇసుక వెనుక నీళ్లు. మిర్చి ఘాటుకు కళ్లు చెమ్మగిల్లి అన్నీ కొంచెం కదులుతున్నట్టే ఉండేవి. ఎండకు మగత కమ్మేది. మాటలతో తేలడం లేదని, ఆకాశంలో తేల్చుకుందామని ఒప్పందం చేసుకున్నాం. నల్లగా వచ్చే మబ్బు నావాడు, అంచు మెరిసే మబ్బు వాడివాడు. ఏది దేన్ని కప్పేస్తే అది గెలిచినట్టు. కానీ వారం రోజులు దూదిపింజంత మబ్బు కూడా రాలేదు. పంటకు మంచిదే, మాకు మాత్రం దిగులు.

ఒక మధ్యాహ్నం వచ్చింది మబ్బు. ముందు గుట్ట మీద పిడికెడంత తెల్లటి మబ్బు, అంచు వెండిలా మెరుస్తూ. తర్వాత ఎగువ నుంచి నల్లటిది, నిదానంగా, వంగి నడుస్తున్నట్టు. దాని నీడ అవతలి ఒడ్డున దిగి నీళ్ల మీదికి వచ్చింది. అది ముట్టుకున్న చోటల్లా గోదావరి మెరుపు ఆరిపోయింది. మావాడు నదినే మింగుతున్నాడు. నా జన్మలో అంత అందమైన దుర్మార్గాన్ని నేను చూడలేదు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "అక్కా, కేకేద్దాం" అన్నాడు. వాడి నోరు మూశాను. చేత్తోనే మూశాను. కేక వేస్తే అందరూ వస్తారు, మమ్మల్ని కూడా పరదాలు లాగమంటారు, ఎవరు గెలిచిందీ చూడలేను. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకుంటూ చూశాను. నల్లటిది తెల్లటిదాని మీదికి ఎక్కింది. ఎక్కుతుండగానే నా చేతిమీద చినుకు పడింది.

తర్వాత అంతా పరుగులే. కల్లం సగం కప్పగలిగారు. నది వైపు సగం తడిసిపోయింది. ఒక బీడీ కాల్చేంతసేపు కూడా కురవలేదు ఆ వాన. చాలు, అంత చాలు. పరదాలు లాగడానికి వచ్చిన చిన్నాయన తడిసిన కాయను గుప్పెట్లోకి తీసుకుని, కాపలా ఎవరిది అని అడిగాడు. తమ్ముడి వంతు అని చెప్పాను. మాకు వంతులే లేవు. దెబ్బ వాడి చెంప మీద పడింది. వాడు ఏడవలేదు, వాళ్ల నాన్న వైపు చూడలేదు. నా వైపు చూశాడు. అత్త కొంగు పిండుకుంటూ మా ఇద్దరినీ చూసింది.

మర్నాడు తాలు ఏరడానికి అత్త నన్ను ఒక్కదాన్నే పిలిచింది. తమ్ముడు పొద్దున్నుంచీ నాతో మాట్లాడలేదు. తిడుతుందనుకుని వెళ్లాను. ఆమె మాత్రం తెల్లబడ్డ కాయలు పక్కన పడేస్తూ, మీ యుద్ధం సంగతి చెప్పు అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మాంత్రికుడి గురించి, చక్రవర్తి గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆమె నిజంగానే వింది. "ఇనుపోడు వానల తడిస్తె తుప్పు పట్టడా?" అని అడిగింది. అది మాకెందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను.

"గట్ల కాదు, నిన్నటి యుద్ధం చెప్పు. మొదటి మబ్బు ఏడ కనబడ్డది?" అంది. గుట్ట మీద అన్నాను. అప్పటికి కోతవాళ్లు ఏ సాలులో ఉన్నారని అడిగింది. చివరి సాలులో. నల్లటిది నీళ్ల మీదికి వచ్చేసరికి? నడిమి సాలుకు వచ్చారు. అప్పుడు తమ్ముడు ఏం చేస్తున్నాడు? అప్పటిదాకా కథ అంతా సరిగ్గానే చెప్పాను, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ కథే నన్ను తీసుకెళ్లి నా చెయ్యి వాడి నోటి మీద ఉన్న చోట నిలబెట్టింది. ఏడుపొచ్చింది. మిర్చి చేతులతో కళ్లు తుడుచుకున్నాను, అది ఇంకో శిక్ష.

అత్త చెంబుతో నీళ్లు తెచ్చి నా కళ్లు కడిగింది. "మబ్బుల జూడొద్దని నేనెన్నడన్న అన్ననా? ముందుగాల కేకెయ్యి, తర్వాత జూడు. నువ్వు కేకేస్తే పైన యుద్ధం ఆగదు బిడ్డా, దాని పాటికి అది నడుస్తనే ఉంటది" అంది. చెంబు పక్కన పెట్టి, ఈ కథ మీ చిన్నాయనకు కూడా చెప్పాలి, నువ్వు చెప్తావా నేను చెప్పనా అని అడిగింది. ఆమె పంట సగం పాడైంది నావల్ల. అయినా ఆ అడగడంలో కోపం లేదు. అది నాకు ఈ రోజుకీ అర్థం కాని దయ.

నేనే చెప్పాను. అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, మొదటి మబ్బు నుంచి. వాడి నోరు మూసిన చెయ్యి సంగతి కూడా దాచకుండా చెప్పాను. చిన్నాయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి కొడుకు వైపు చూశాడు. తన పళ్లెంలోని వేపుడు వాడి పళ్లెంలోకి వంచాడు. తమ్ముడు తల ఎత్తకుండా, "అట్ల కాదు. మా చక్రవర్తే ముందుగాల కాలు పెట్టిండు, నువ్వు జూడలే" అన్నాడు. రెండు రోజుల్లో వాడు నాతో అన్న మొదటి మాట అది.

ఆ ఏడు అత్త మంచి కాయ సగమే అమ్మింది. మరుసటి ఏడు మళ్లీ మిర్చే వేసింది, మళ్లీ మమ్మల్నే కాపలా పెట్టింది. ఇప్పుడు నా తల అక్కడక్కడా నెరిసింది. తప్పులు చేయడం మానలేదు, ఎవరు మానగలరు. కానీ చేసిన తప్పు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు నేను సాకుతో మొదలుపెట్టను, క్షమించమని కూడా మొదలుపెట్టను. మొదటి మబ్బు ఎక్కడ కనబడిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టి, నా చెయ్యి ఎవరి నోటి మీద ఉందో అక్కడిదాకా చెప్తాను.