ఆంటీ ఫోల్డర్‌కు నేనేసిన తాళం

ఒక్క ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నా పరువునూ, ఎనభయ్యేళ్ల ఆంటీ పుట్టినరోజునూ, పన్నెండేళ్ల కాపురాన్నీ ఒకే పూటలో ఎలా ప్రమాదంలో పడేశానో చెబుతాను. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు నవ్వనిది నేనొక్కణ్ణే.

సింగపూర్‌లోని యూ టీలో మా కింది అంతస్తులో రాములమ్మ ఆంటీ ఉంటారు. వాళ్ల తాతగారు విశాఖ వైపు నుంచి వచ్చి తంజోంగ్ పగార్ రేవులో మూటలు మోశారట. ఆ కబుర్లన్నీ ఆవిడ గొంతుతోనే రికార్డు చేసి, పాత ఫొటోలకు జతచేసి, పుట్టినరోజు భోజనాల దగ్గర చూపిస్తానని మాటిచ్చాను. ఇంగ్లీషులో తప్ప బదులివ్వని మనవలు ఒక్కసారైనా ఆ మాటలు వినాలని ఆవిడ ఆశ. రెండు వారాలు కూర్చుని చేశాను.

ఇక మా ఆవిడ సరళ. ఫ్రిజ్‌ను ఎలా శుభ్రం చేస్తుందో కంప్యూటర్‌నూ అలాగే చేస్తుంది. ఏమిటో తెలియని డబ్బా కనిపిస్తే చెత్తబుట్టలోకే! నా ఫైళ్లు రెండు అప్పటికే అలా స్వర్గస్థమయ్యాయి. అందుకని ఆవిడ వంటింట్లో ఉన్న సమయం చూసి, ఏ ఫోల్డర్ ఎవరు తెరవొచ్చో నిర్ణయించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్నాను. "ప్రస్తుత యూజర్‌కు మాత్రమే అనుమతి" అన్నచోట ఆంటీ కబుర్ల ఫోల్డర్‌కు టిక్కు పెట్టి, మీసం లేకపోయినా మెలేసుకుంటూ లేచాను.

పుట్టినరోజు ఉదయం నా పేరుతో లాగిన్ అయి ఫోల్డర్ నొక్కాను. మీకు అనుమతి లేదంది.

నాకా! తాళం వేసినవాడికే? సరే, నువ్వో నేనో తేల్చుకుందామని పట్టుపట్టాను. ఆ తాళం విప్పడానికి ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ దించాను. అది అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. మూడోది ఇంకాస్త మర్యాదగా అదే అడిగింది. కంప్యూటర్ కొన్ననాడు అన్నీ అమర్చింది సరళ కాబట్టి ఆ పాస్‌వర్డ్ ఆవిడ దగ్గరే ఉంది. అడిగితే తాళం ఎవరి భయంతో వేశానో చెప్పాలి.

"ఏమైందండీ, పొద్దున్నుంచీ దాన్ని అలా బాదుతున్నారు?"

"ఏం లేదు. నువ్వు గారెల సంగతి చూడు."

"ఒక్కసారి నన్ను చూడనివ్వండి."

"వద్దు! ఇది టెక్నికల్."

నాలుగో సాఫ్ట్‌వేర్ దిగుతుండగా ఆంటీ ఫోన్. "బాబూ, మకాన్ రెడీ. భోజనాలకి మనవలంతా వచ్చీసినారు. నా కబుర్లు ఎప్పుడేస్తావు?"

"అయిదు నిమిషాల్లో వస్తున్నా ఆంటీ!"

ఫోన్ పెట్టేశాక నాకు నిజంగా భయం వేసింది. ఆ గొంతు రికార్డు ఇంకెక్కడా లేదు. పరువు పోతే పోయిందనుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"సరళా, నీ పాస్‌వర్డ్ కావాలి. ఆంటీ ఫోల్డర్‌కు తాళం వేశాను."

"ఎవరు తీస్తారని?"

నేను గారెల వైపు చూశాను. "నువ్వు తీసేస్తావని."

ఆవిడ పిండి చేతులు కడుక్కుని, తన పేరుతో లాగిన్ అయి, రెండుసార్లు నొక్కింది. "మా తాత ఓడ దిగిన రోజున..." అంటూ ఆంటీ గొంతు గదంతా నిండింది.

అప్పుడు వెలిగింది. తాళం వేసిన రోజు సరళ లాగౌట్ చేయకుండా లేచి వెళ్లింది, నేను చూసుకోకుండా వెళ్లి కూర్చున్నాను. ప్రస్తుత యూజర్ ఆవిడే! నాతో సహా లోకం మొత్తానికి తలుపు మూసి, ఎవరికి భయపడ్డానో ఆవిడ ఒక్కదానికే తెరిచిపెట్టాను.

"దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే" అని నోరు జారాను.

"దొంగెవరండీ?"

"సామెత, సరళా, ఉత్త సామెత!"

కింద ఆంటీ ఇంట్లో ప్రదర్శన ముగిశాక ఫోన్‌లోంచి తల ఎత్తని మనవడు, "అమ్మమ్మా, వన్ మోర్ టైమ్ లా!" అన్నాడు. ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోవడమెందుకు.

కాబట్టి ఉచిత తాళాల జోలికి ఈ జన్మలో వెళ్లనని గారెల సాక్షిగా ప్రమాణం చేశాను. హాకర్ సెంటర్ తిండిశాలలో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తే, అంటే ఈ చోటు నాదని పట్టేస్తే, ఊరంతా గౌరవిస్తుంది కదా అని, కంప్యూటర్ మీదా ఒక ప్యాకెట్ పెట్టాను. నిన్న చూస్తే లేదు.

"టేబుల్ శుభ్రం చేశానండీ" అంది సరళ.