దుమ్ములగొండి చిరునామా

సమావేశం మొదలయ్యే ముందు ఎవరో ఒకరు మైకు మీద వేలితో తట్టి చూస్తారు. స్పీకర్లలోంచి ఆ టక్ టక్ చప్పుడు వినిపించినప్పుడల్లా నేను తల దించుకుంటాను. నిన్న మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళ కోసం పెట్టిన చిన్న సభలోనూ అదే జరిగింది. పక్కన కూర్చున్న సహోద్యోగిని నా ముఖం చూసి, "ఏంటి, స్టేజ్ ఫియరా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. కళాశాలలో మూడేళ్ళు డిబేట్ జట్టును నడిపినదాన్ని. ఏ పక్షం ఇచ్చినా నిలబడి వాదించగలనని పేరు తెచ్చుకున్నదాన్ని. మైకును చూస్తే నాకు కలిగేది భయం కాదు, సిగ్గు. ఆ చప్పుడుతో పాటు నాకొక మనిషి గుర్తుకొస్తుంది. లావు కళ్ళద్దాలు, తడిపి మెడకు చుట్టుకున్న నూలు తువ్వాలు, చీర కింద మగవాళ్ళ కాన్వాసు బూట్లు. ఆమె పేరు భ్రమరాంబ. నేను ఆంటీ అనేదాన్ని.

ఆమె నాకు ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో ఒక జిరాక్స్ దుకాణం ముందు పరిచయమైంది. డిగ్రీ అయ్యాక సివిల్స్ చదువు కోసం అక్కడొక ఇరుకు గదిలో అద్దెకుండేదాన్ని. ఆ రోజు వరుసలో నా ముందున్న పెద్దావిడ ఒక నోటుపుస్తకం తెరిచి ఒకే ఒక్క పేజీ నకలు తీయమంది. అందులో రెండు పాదముద్రలు అసలు కొలతలో గీసి ఉన్నాయి. "భయ్యా, సైజు మారకూడదు," అని ఆమె హిందీలో హెచ్చరిస్తుంటే, ఆ హిందీ వెనక తెలుగు వినిపించింది.

"కుక్క కాలా ఆంటీ?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. "తెలుగు పిల్లవా? కుక్కది కాదమ్మా. ముందుకాలు చూడు, ఎంత పెద్దదో. వెనక్కాలు చూడు. కుక్కకి ఇంత తేడా ఉంటాదా? దుమ్ములగొండిది."

"హైనానా? ఢిల్లీల?"

"ఢిల్లీ పక్కనే, కొండల్లో. మనకంటే ముందునుంచీ ఉంది. ఏటి, మనల్ని అడిగి ఉండాలా?"

ఆ పేజీలో తేదీ ఉంది, వేళ ఉంది, మట్టి పొడిదో తడిదో కూడా ఉంది. స్థలం మాత్రం లేదు. నేను ఊరుకోలేదు. "చోటు రాయకుంటే ఇది సాక్ష్యం ఎట్లయితది ఆంటీ? ఎవరు నమ్ముతరు?" అన్నాను. ఆమె కళ్ళద్దాల మీదుగా నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నిన్ను ఎవరో బాగా చదివించారు," అంది. అది మెప్పో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు. దుకాణదారు "దీదీ, మీ కోర్టు బయట పెట్టుకోండి, వెనక జనం ఉన్నారు," అనడంతో ఇద్దరం పక్కకు జరిగాం. ఆ తరువాతి ఆదివారానికి నేను ఆమె వెంట కొండల్లో ఉన్నాను.

ఆమెది బొబ్బిలి. ఉద్యోగమంతా ఢిల్లీలోనే, భూపటాలు తయారుచేసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో. పెళ్ళి చేసుకోలేదు. వసంత్ కుంజ్‌లో రెండు గదుల ఫ్లాటు, అందులో నోటుపుస్తకాలు. పదవీ విరమణ తరువాత ప్రతి ఆదివారం తెల్లవారగానే మెట్రోలో గుర్‌గావ్ దాకా, అక్కడినుంచి ఆటోలో ఒక పల్లె చివరిదాకా వెళ్ళి, ఆరావళి కొండల్లోకి నడిచేది. ధూళిలో జాడ కనిపిస్తే మోకాళ్ళ మీద కూర్చుని, గళ్ళ కాగితం మీద అడుగులు కొలిచి గీసుకునేది. ఆ తరువాత ఆమె చేసే పని నాకు మొదట్లో వింతగా తోచింది. ఒక ఎండు కొమ్మ విరిచి, తాను గీసుకున్న ఆ జాడలనే శుభ్రంగా చెరిపేసేది. అలా అడుగడుగూ చెరుపుతూ వెనక్కి నడిచేది.

"ఇది విజ్ఞానానికి ద్రోహం కాదా?" అని ఒకసారి అడిగాను. అప్పట్లో అలాంటి మాటలే నాకు సులభంగా వచ్చేవి.

"ముప్ఫయ్యేళ్ళు పటాల మీద చుక్కలు పెట్టేనమ్మా," అంది. "ఊరికో చుక్క, బావికో చుక్క, గుట్టకో చుక్క. నేను చుక్క పెట్టిన చోటల్లా మరో పదేళ్ళకి రోడ్డుండేది. దీనికి మాత్రం పెట్టను."

ఆమెతో నడిచిన ఆ ఏడాదిలో ఆ జంతువు గురించి నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ చదవలేదు. చచ్చిన పశువుల ఎముకలు నమిలి అడవిని శుభ్రం చేసే ప్రాణి. దానికి మాత్రం చోటు మిగలడం లేదు. కొండను రాయి కోసం తొలిచారు. లోయల్లో కూలిన భవనాల చెత్త పోశారు. పల్లె అంచున గుంపులు కట్టిన కుక్కలు దాని తిండి లాక్కుంటాయి. కనిపిస్తే చాలు పిల్లలను ఎత్తుకుపోతుందని కర్రలతో వెంటపడతారు. అన్నిటికంటే పెద్ద గండం రోడ్డు. ఒక ఉదయం ఆటోలో వెళుతుండగా దారి మధ్యలో ఒక నక్క చచ్చిపడి ఉంది. ఆంటీ ఆటో ఆపించి, దిగి, దాన్ని కాళ్ళు పట్టుకుని రోడ్డు దాటించి, చాలా దూరం పొదల్లోకి ఈడ్చుకెళ్ళింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆటో అతను, "మాతాజీ, చచ్చినదాన్ని ఎక్కడ పెడితే ఏముంది?" అన్నాడు. "దీన్ని తినడానికి ఇంకొకటి వస్తుంది భయ్యా. అది రోడ్డు మీదికి రాకూడదు కదా," అంది ఆమె. నేను ఆటోలోనే కూర్చుని ఉన్నాను. దిగి ఒక కాలు పట్టుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు.

రెండో ఎండాకాలంలో ఆమె నన్ను ఒక గుహ దగ్గరకు తీసుకువెళ్ళింది. గుహ అంటే పెద్దదేమీ కాదు, రెండు బండల నడుమ మనిషి పాకి వెళ్ళేంత సందు. దూరంగా ఒక చెట్టుకు ఆమె తన పాత కెమెరా కట్టి ఉంచింది; ఎదురుగా ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీస్తుంది. అందులో ఒంటినిండా చారలున్న తల్లి దుమ్ములగొండి ఉంది, దాని పొట్ట కింద రెండు పిల్లలున్నాయి. ఆంటీ ఆ ఫొటో చూపిస్తూ గుసగుసగా మాట్లాడింది, అక్కడ మమ్మల్ని వినేవారెవరూ లేకపోయినా. ఆమె ముందు నడుస్తుండగా నేను ఫోను తీసి, మ్యాపులో ఆ చోట ఒక గుర్తు పెట్టుకున్నాను. దాన్ని దొంగతనమని అనుకోలేదు. పద్ధతి అనుకున్నాను.

ఆ కొండ మీదుగానే ఒక రోడ్డు వేయాలన్న ప్రతిపాదన అప్పటికే ఉంది. జూన్ మొదట్లో దాని మీద పల్లె బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఆంటీ తనకు నలుగురిలో మాట్లాడటం రాదని, నన్ను మాట్లాడమంది. ఒకే షరతు పెట్టింది. "ఉందని చెప్పు, ఫొటో చూపించు. చోటు చెప్పకు. వానలు పడితే పిల్లలు తల్లితో బయటికెళ్ళిపోతాయి. అప్పుడు కావాలంటే ఊరంతా చాటుకో." నేను మాటిచ్చాను.

షామియానా కింద మైకు తట్టి చూశారు. రోడ్డు తరఫున వచ్చిన నిపుణుడు ఆ ప్రాంతంలో చెప్పుకోదగ్గ వన్యప్రాణులేవీ లేవని చదివాడు. నేను లేచి, ఆంటీ కెమెరా తీసినదని చెప్పి, ఫొటో తెర మీద వేయించాను. అతను తల తిప్పి చూసి, చాలా మర్యాదగా, "బేటీ, ఇది ఎక్కడి ఫొటో? రాజస్థాన్‌దా, ఇంటర్నెట్‌దా?" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. ఫోను తీసి అక్షాంశం, రేఖాంశం దశాంశాలతో సహా చదివాను. "ఇక్కడినుంచి నడిచి చూసుకోండి," అన్నాను. షామియానా చప్పట్లతో మారుమోగింది. వేదిక మీది అధికారి ఆంటీ వైపు తిరిగి, "మాతాజీ, ఫొటో మీదేనా? ఆ చోటు సరైనదేనా?" అని అడిగాడు. మూడో వరుసలో ఆమె లేచి నిలబడింది. నా వైపు చూసింది. కొంచెం ఆలస్యంగా, "సహీ హై," అని ఒప్పుకుంది. నేను గెలిచాననుకున్నాను. ఆ చూపులో గర్వం చూశాననుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్కమాటే అంది: "కొన్నాళ్ళు అటు వెళ్ళొద్దు. మన వెనక ఎవరైనా వస్తారు." రెండు వారాలు ఆగి వెళ్ళాం. సందు నోరు రాళ్ళతో మూసి ఉంది. చుట్టూ పొదలు మాడి, ఒక టైరు సగం కాలి పడి ఉంది. చెట్టుకు కెమెరా లేదు. ఆంటీ కూర్చుని వట్టి చేతులతో రాళ్ళు తీయడం మొదలుపెట్టింది. నేను నిలబడి మాట్లాడుతున్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది గానీ, నిజంగా మాట్లాడుతూనే ఉన్నాను. ఇది మన వల్లే జరిగిందనడానికి ఆధారం లేదని, ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని, పల్లెవాళ్ళు ఇలాంటి పనులు ముందునుంచీ చేస్తున్నారని. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విని, తల ఎత్తకుండా, "బాగా చెప్పావు. ఇలా వచ్చి ఈ రాయి పట్టు," అంది.

అప్పుడే మేకలు తోలుకుంటూ పల్లె కాపరి తారాచంద్ వచ్చాడు. ఆ కొండ మీద ఆంటీ జాడలు చెరిపే సంగతి నేను కాక తెలిసిన ఒకే ఒక్క మనిషి. "తీయకండి దీదీ. పది రోజులైంది," అన్నాడు. "తల్లి పొగలోంచి దూకి పోయింది. పిల్లలు రాలేదు."

"ఎవరు?" అని అడిగాను.

"తెలీదు బేటీ. మా ఊరివాళ్ళు కాదు. ఫోను చూసుకుంటూ తిన్నగా వచ్చారు. ఎవరొచ్చినా నన్నే కదా దారి అడుగుతారు. వాళ్ళు నన్నేమీ అడగలేదు."

ఆంటీ చేతిలో ఉన్న రాయిని తీసిన చోటనే తిరిగి పెట్టింది.

వానాకాలం మధ్యలో తనిఖీ బృందం వచ్చింది. నేను చెప్పిన అంకెల ప్రకారం సరిగ్గా ఆ చోటికే వెళ్ళింది. అక్కడ జంతువు ఉనికి ఏదీ కనబడలేదని నివేదిక రాసింది. అబద్ధం ఒక్కటీ లేని నివేదిక. ఎక్కడో ఉందని మాత్రమే చెప్పి ఉంటే వాళ్ళు కొండంతా వెతకాల్సి వచ్చేది. నేను ఒక చోటు చూపించి వాళ్ళ పని తేలిక చేశాను.

ఆ నివేదిక పట్టుకుని వసంత్ కుంజ్‌కు వెళ్ళాను. ఆంటీ వంటింట్లో నిలబడి మినపపప్పు కడుగుతోంది. చదివి వినిపిస్తే విని, నీళ్ళు వంచుతూ అంది: "ఆ రోజు ఆఫీసరు అడిగినప్పుడు, కాదు బాబూ, పిల్ల ఏదో తప్పు చదివింది అంటే సరిపోను. నోటిదాకా వచ్చింది. అందరూ నీకు చప్పట్లు కొడుతున్నారు. నీ మొహం చూసేను. అందరిముందూ నిన్ను అబద్ధాలకోరుని చేయలేకపోయేను. రెండు ప్రాణాలు పోయాయి. నాదే తప్పు నీహారికా. నాకు బుద్ధుండాలి."

కాదు ఆంటీ, మాట తప్పింది నేను, గుర్తు పెట్టుకున్నది నేను, చదివింది నేను అని చెప్పవలసిన క్షణం అది. ఎన్నో వేదికల మీద ఎదుటివారి వాదనలో లోపం పట్టుకోవడం నా పని. ఇంత పెద్ద లోపం నా ముందు పెట్టి ఆమె పప్పు కడుగుతోంది. నేను మౌనంగా ఉన్నాను. ఆ మౌనంలో నాకు కలిగింది దుఃఖం కాదు. ఊరట. నా తప్పులో సగం ఎవరో ఎత్తుకున్నారన్న ఊరట.

సివిల్స్ వదిలేసి ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు నా దగ్గరకు ఏ నిజం వచ్చినా, దీన్ని బయటపెడితే నష్టపోయేది ఎవరని మొదట అడుగుతాను. అది ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మోకాళ్ళు నొప్పి పెట్టి ఆంటీ బొబ్బిలిలో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయింది. ఆదివారాలు ఫోను చేస్తుంది. అక్కడి కొండ గురించి చెబుతుంది, నా తిండి గురించి అడుగుతుంది. మాట సాగుతూ సాగుతూ ఎప్పుడో ఒకప్పుడు, "నేను ఆ రోజు కాదనాల్సింది పిల్లా," అంటుంది. నేను, "ఊరుకోండి ఆంటీ, పాత సంగతి," అంటాను. ఆమె ఎత్తుకున్న ఆ సగం నాదేనని ఇంతవరకు ఆమెకు చెప్పలేదు.