అక్క చుట్టిన రాకెట్

అశోక్ నగర్ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉండే అక్కకు ఆరేళ్ల కూతురు. పాపను ఊళ్లో తమ్ముడి ఇంట్లో ఉంచి, నాలాగే గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేది. ఒకరోజు పాప ఫోన్ చేసి, టీవీలో రాకెట్ ఎగరడం చూశానని గంతులేస్తూ చెప్పింది.

"ఐతారం రా బిడ్డ, మనం గూడ ఒకటి ఎగరేద్దం," అని అక్క మాటిచ్చేసింది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగింది. "చెల్లే, రాకెట్ ఎట్ల చేస్తరు?"

నాకూ తెలియదు. ఇద్దరం కూర్చుని వీడియోలు చూశాం. మందు నింపే రాకెట్ల జోలికి పోవద్దనుకున్నాం. ఖాళీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాను పైపుకు బిగించి కాలితో తొక్కితే, లోపలి గాలి తన్నుకొచ్చి, పైపుకు తొడిగిన కాగితం రాకెట్‌ను పైకి విసురుతుంది. మాకది చాలు. ఏ పనిముట్లు కొనాలన్నదే తేలలేదు. వీడియోలో వాళ్ల బల్ల నిండా ఏవేవో ఉన్నాయి. నాకు అన్నీ కావాలనిపించింది.

నారాయణగూడలో హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి, నేను తిన్నగా డ్రిల్ మిషన్ దగ్గర నిలబడ్డాను.

"దేనికమ్మా?" అన్నాడు దుకాణాయన.

"రాకెట్ చెయ్యడానికి."

ఆయన నవ్వలేదు. "రేకుదా, కాగితందా?"

"కాగితందే."

"మరి డ్రిల్లెందుకు? గోడకు తగిలిస్తరా?"

అక్క పడీపడీ నవ్వింది. చివరికి పైపు ముక్క, దాని అంచు రుద్దడానికి గరుకు కాగితం తీసుకుని చిక్కడపల్లి వచ్చాం. అక్కడ స్టేషనరీ దుకాణంలో చార్టు కాగితాలు, స్టీలు స్కేలు, బంక, నా పట్టుదల కొద్దీ ఒక కట్టర్ కొన్నాం. కత్తెర మాత్రం అక్కే ఎంచుకుంది. ఒక్కొక్కటీ వేళ్లకు తొడిగి, తెరిచి మూసి, నచ్చక పక్కన పెట్టి, ఆఖరికి పొట్టిది ఒకటి పట్టుకుంది.

గదిలో నేను కట్టర్‌తో కోసిన రెక్కలు నాలుగూ నాలుగు రకాలుగా వచ్చాయి.

"జర ఇటియ్యి," అంది అక్క.

గట్టి అట్టతో ఒక రెక్క నమూనా కత్తిరించి, దాన్ని చార్టు మీద పెట్టి, అంచు వెంబడి కత్తెర నడిపించింది. రెక్కలన్నీ కవలల్లా వచ్చాయి. తర్వాత కాగితాన్ని పైపు మీద వేసి బొటనవేళ్లతో చుట్టింది.

"ఎక్కడ నేర్చుకున్నవక్కా?"

"పెండ్లికి ముందు బీడీలు చేసేదాన్ని గద. తునికాకును గిట్లనే రేకు పెట్టి కత్తిరిస్తం. మరీ బిగిస్తే పైపు మీదికెల్లి జారది, జర వదులుండాలె."

ఏడాదిగా ఒకే గదిలో ఉంటున్నా ఈ సంగతి నాకు తెలియదు. ఆ సాయంత్రమంతా తన ఊరి ముచ్చట్లు చెబుతూ రాకెట్ చుట్టింది. ఆదివారం పొద్దున, ఎందుకైనా మంచిదని, ఇంకోటి కూడా చేసింది.

కాసేపటికి పాప మేనమామతో వచ్చింది. చాలా నెలల తర్వాత చూడటం వల్లేమో, తల్లి దగ్గరికి వెళ్లలేదు. మామ చెయ్యి పట్టుకునే నిలబడింది. అక్క బలవంతం చెయ్యలేదు. అందరం బాగ్ లింగంపల్లి పార్కుకు వెళ్లాం.

తొందరలో, రెండోసారి చేసిన రాకెట్‌నే ముందు తొడిగాం. నేను తొక్కాను. బంక ఇంకా ఆరలేదు కాబోలు, రెక్కలు ఒక దిక్కు, రాకెట్ ఒక దిక్కు పోయాయి. పాప ముఖం వాడిపోయింది. అక్క మెల్లగా మొదటిది తొడిగింది.

"దీన్ని నువ్వే తొక్కు బిడ్డ."

పాప రెండు కాళ్లతో సీసా మీదికి దూకింది. రాకెట్ సర్రున లేచి వేపచెట్టు దాటి, గాలిలో పల్టీ కొట్టి గడ్డిలో పడింది. పాప పరుగున వెళ్లి తీసుకుని, మామను దాటి, నేరుగా తల్లి ఒళ్లోకి వచ్చింది.

"అమ్మా, ఇంకోసారి!"

సీసా పగిలేదాకా తొక్కింది. సాయంత్రం బస్సు దగ్గర తల్లి మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. బస్సు కదులుతోందని మేనమామ తొందరపెట్టాడు.

"జర ఆగురా," అంది అక్క, తనూ వదలకుండా.