నోట్లో ఎండిన బియ్యం

అన్నమ్మ గుండె దడదడలాడితే మిల్లు మోటారు కూడా సిగ్గుపడి ఆగిపోతుందని హమాలీలు నవ్వేవారు. అంత పిరికిది. పోలీసు జీపు ఎవరింటి ముందు ఆగినా చెమటలు ఈమెకే పట్టేవి. మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లులో ఏళ్ల తరబడి నూకలు చెరిగింది, ఊడ్చింది. పిడికెడు గింజలు కూడా ఏనాడూ కొంగున కట్టుకోలేదు.

ఆ మిల్లులోనే ఒకరోజు యజమాని సేటు బద్రీనాథ్ భార్య చంద్రకళ గొలుసు పోయింది. పోయింది ఆఫీసు గదిలో. ఆ గది ఊడ్చింది అన్నమ్మ.

"రేపు పొద్దుగాల అందరితోని బియ్యం నమిలిస్త," అన్నాడు సేటు.

ఆ మిల్లులో అది తాతల నాటి తీర్పు. దేవుడి పటం ముందు పచ్చి బియ్యం నమిలి ఉమ్మాలి. తడిగా పడితే నిర్దోషి, పొడిగా రాలితే దొంగ. దొంగకు ఇక నేరేడుచర్ల దాకా ఏ మిల్లులోనూ పని దొరకదు.

ఆ మాటకే అన్నమ్మ నాలుక అంగిలికి అతుక్కుంది. గొలుసు తను తీయలేదు. కానీ ఆ సంగతి నోటికి ఎవరు చెప్పాలి?

సూర్యాపేటలో నర్సింగ్ చదివే కూతురు కృపకు ఫోన్ చేసింది.

"నోరు ఎండుతుంది బిడ్డా. దొంగనంటరు."

"అమ్మా, గుండె, పేగులు, చెమట, ఉమ్మి మన మాట వినయి. వాటికి వేరే నరాలుంటయి, రెండు తీర్లు. నడి వెన్నులకెళ్లి వచ్చేటియి భయమైతే గుండెను ఉరికిస్తయి, కడుపు పని ఆపుతయి, నోరు ఎండబెడతయి. మెదడు అడుగుకెళ్లి, నడుము కిందికెళ్లి వచ్చేటియి మళ్ల నిమ్మళం చేస్తయి."

"మరి వాటిని బతిమాలుదునా?"

"అవి వినయి. ఊపిరి మాత్రం వాటి మాటా వింటది, మన మాటా వింటది. మెల్లగ, పొడుగ్గ వదులు. జర ఆగు, నోట్లె నీళ్లొస్తయి."

"రాకపోతే?"

"చింతకాయను తల్చుకో," అంది కృప.

తెల్లవారి అందరూ వరుసగా నిలబడ్డారు. ఆనవాయితీ ప్రకారం మొదటి పిడికిలి సేటుది. పక్కనే చంద్రకళ చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తోంది. అన్నమ్మ తన పిడికెడు నోట్లో పోసుకుంది. ఇసుక నమిలినట్టుంది. ఊపిరి వదిలింది. చింతకాయను తలుచుకుంది. మళ్లీ వదిలింది. చెవుల్లో గుండె మోత తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు సేటు ఉమ్మాడు. నేల మీద తెల్లటి పిండి రాలింది.

హమాలీ జంగయ్య వంగి ఆ పిండిని చూసి, "సేటే తీసిండా ఏంది?" అన్నాడు. సేటు మొహం పాలిపోయి నుదుట చెమట పట్టింది. చంద్రకళ కళ్లు చిట్లించింది.

సేటు నుదుటి మీది ఆ చెమట అన్నమ్మకు బాగా తెలిసినదే. ఆమె బియ్యాన్ని బుగ్గన నొక్కింది.

"దొంగతనానికి కాదు సేటూ, భయానికి ఎండుతది నోరు. అమ్మగారు గట్ల సూస్తుంటే ఎవరికైనా ఎండుతది!"

ముందు చంద్రకళే నవ్వింది. సేటు తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "ఇగ ఈ తీర్పు ఖతం. పనుల్లకు పోండ్రి."

గొలుసు ఇప్పటికీ దొరకలేదు. ఆఫీసు గది ఇప్పటికీ అన్నమ్మే ఊడుస్తుంది.

ఆ పొద్దు అందరూ వెళ్లాక ఆమె గోడవారకు నడిచి, బుగ్గన ఉంచుకున్నది ఉమ్మింది. తడిసి ముద్దయిన బియ్యం. అటూ ఇటూ చూసింది. చూసేవారు ఒక్కరూ లేరు.