మగ్రీత టానీ, పొద కింద పెంగ్విన్

పాము పగ పన్నెండేళ్ళంటారు. దక్షిణాఫ్రికా కేప్ తీరపు ఆ చేపలవాడలో మగ్రీత టానీ (టానీ అంటే వాళ్ళ భాషలో పిన్ని) పగ ముందు పాములు కూడా సిగ్గుపడాలి. గోడ మీద ఎండేసిన చేపని పక్కింటి పిల్లి ఎత్తుకుపోయిందని, ఆ పిల్లి చచ్చాక కూడా దాని యజమానితో మాట్లాడలేదావిడ.

ఇప్పటి పగ డిర్కీ మీద. అదే వాడలో పుట్టి, టూరిస్టుల్ని తిప్పే గైడైనవాడు. పోయినేడు టానీ పెరటి పొద కింద గుడ్లు పొదుగుతున్న పెంగ్విన్‌ని ఫొటో కోసం ఎత్తి ఓ దొరసాని ఒళ్ళో పెట్టాడు. బెదిరిన పక్షి సముద్రంలోకి పారిపోయింది. అది తిరిగొచ్చేలోగా సముద్రకాకులు రెండు గుడ్లనీ పొడుచుకుతిన్నాయి. ఆ తర్వాత ఆ జంట ఖాళీ గూట్లో నిలబడి ఓండ్ర పెట్టిన పెట్టు టానీ చెవుల్లోంచి పోలేదు. (పూర్వం ఓడలవాళ్ళు ఆ గొంతు వినే దానికి గాడిద అని పేరు పెట్టారు. ముద్దు రూపానికి మోసపోని జనం వాళ్ళు.)

ఆ జంటే ఈ ఏడూ అదే పొద కిందికొచ్చింది. మళ్ళీ రెండు గుడ్లు. టానీ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని దూరం నుంచే కాపలా కాస్తోంది. దగ్గరికి పోతే కాపలా మనిషికీ దొంగకీ పక్షి దృష్టిలో తేడా ఉండదు.

మధ్యాహ్నం నిప్పుల మీద చేప కాలుతుండగా డిర్కీ వచ్చాడు, వెనక కొందరు టూరిస్టులతో.

"ఏం టానీ, ఇంకా బతికే ఉన్నావా?"

"నీ సమాధి మీద ఓ పువ్వు పెట్టి పోదామని ఆగాన్రా."

డిర్కీ పొద ముందు వంగాడు. లోపలి పెంగ్విన్ మెడ సాచి తల అటూ ఇటూ ఊపసాగింది, ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను. అది ఆఖరి హెచ్చరికని ఆ వాడలో పాకే పిల్లకి కూడా తెలుసు. డిర్కీకీ ఒకప్పుడు తెలుసు. కానీ చెప్పీ చెప్పీ తన అబద్ధాన్ని తానే నమ్మే స్థితికొచ్చాడు.

"చూడండి, మీ కోసం డాన్సు చేస్తోంది!"

ఒక్క కేక వేస్తే చాలు. ఆ కేక టానీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. పెట్టు నాయనా, చెయ్యి పెట్టు.

పెట్టాడు. కత్తెరలాంటి ముక్కు బొటనవేలి మొదట్లో దిగి మెలి తిప్పింది. వాడి అరుపుకి టూరిస్టులు చెల్లాచెదరయ్యారు. టానీ కడుపు చల్లబడింది. అంతలోనే రెచ్చిపోయిన పక్షి వాణ్ణి తరుముతూ పొద దాటి బయటికొచ్చేసింది. పైకప్పు మీది సముద్రకాకి రెక్కలు విప్పింది.

తను పరిగెత్తితే పెంగ్విన్ ఇంకా దూరం పోతుంది. టానీ కాలుతున్న చేపని చేత్తోనే లాగి, వేళ్ళు చురుక్కుమంటున్నా, గోడ అవతలికి విసిరేసింది. కాకి గాల్లోనే అటు మళ్ళింది. పెంగ్విన్ డిర్కీని ఇంకో రెండు తిట్లు తిట్టి, ఊగుతూ వెనక్కెళ్ళి గుడ్ల మీద పొట్ట ఆనించింది.

"టానీ! నెత్తురాగట్లేదు. ఏదైనా గుడ్డ కట్టు!"

టానీ పీట మీద సర్దుకుని కూర్చుంది. "అమ్మో, నేను ముట్టుకోను. అడవి జీవాల్ని దూరం నుంచి చూడాలి, అంతే."

"అంతా చూస్తూనే ఉన్నావుగా, ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"డాన్సు మధ్యలో మాట్లాడితే ఏం బావుంటుందిరా?"

డిర్కీ చొక్కా విప్పి చేతికి చుట్టుకున్నాడు. టూరిస్టుల్లో ఒకావిడ అది కూడా ఫొటో తీసింది. టానీ కాలిన వేళ్ళు ఊదుకుంటూ, ఉత్త రొట్టె నములుతూ, వాడు గేటు దాటేదాకా రెప్ప వేయకుండా చూసింది.