ఇరవై ఆరో వారం హంతకుడు

నిరుడు శ్రావణ మాసం మొదటి సోమవారం పొద్దున్న ఏడు గంటల పది నిమిషాలకు, పటమటలో మేముండే అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, ఎదురింటి రాజ్యం గారి హాల్లో నాకీ జ్ఞాపకం మొదలైంది. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, ఆవిడ పరగడుపున రక్తం ఇవ్వాల్సి ఉంది, ల్యాబు నుంచి వచ్చే అమ్మాయి ఏడింటికల్లా వస్తానని పది నిమిషాలు ఆలస్యం చేసింది, ఆ పది నిమిషాలూ నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. దివ్య అని, పాతికేళ్ళుంటాయేమో, నెమ్మదైన పిల్ల. దూది మీద స్పిరిట్ వేసి మోచేతి మడత దగ్గర రుద్దబోతుంటే రాజ్యం గారు చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నారు.

"ఆగమ్మాయ్! ఆ సీసాలో ఏముంది?"

"ఏం లేదండీ, ఖాళీది. మీ రక్తం పట్టడానికి."

"ఖాళీదేనని నిన్న వాడూ అన్నాడు!"

నిన్నటివాడంటే ఆదివారం సాయంత్రం టీవీలో వచ్చే నిజ నేరాల కార్యక్రమంలోనివాడు. ఇళ్ళకొచ్చి సూదిమందు వేసే మనిషే ఎవరినో చంపాడట. ఆ గంటా రాజ్యం గారు ఎలా చూస్తారో నాకు తెలుసు, పక్కనే కూర్చుంటాను గనక. తలుపు తియ్యబోయేవాళ్ళని తియ్యొద్దని అరుస్తారు, ఎస్సై గారికి సలహాలిస్తారు, దొరికిపోయినవాడి ఏడుపు చూసి ఏడుస్తారు, ప్రకటనలు వచ్చినప్పుడే ఊపిరి పీల్చుకుంటారు. దివ్య బిక్కమొహం వేసి దూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ స్పిరిట్ వాసన ఫ్యాను గాలికి హాలంతా కమ్ముకుంది. నా డెబ్బై ఆరేళ్ళలో అరవై ఏడేళ్ళు ఎటో పోయి, నేను మా ఊరి అరుగు మీద నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లనయిపోయాను.

మా ఊరు గన్నవరానికి నాలుగు మైళ్ళు, కాలువ కట్ట మీదుగా వెళ్ళాలి. ఊరి మొత్తానికీ వారపత్రిక ఒక్కటే వచ్చేది, అదీ మా నాన్న పేరున. శుక్రవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి బెజవాడ బస్సు కండక్టరు దాన్ని చుట్టచుట్టి, మీద కాగితపు పట్టీతో, వంతెన దగ్గరి టీ బడ్డీలో ఇచ్చిపోయేవాడు. ఆ పట్టీని ఎవరూ ముందుగా చింపకూడదు, అది మా వీధి కట్టుబాటు. మూడు గంటలకు, వంటిళ్ళు సర్దుకున్నాక, గేదెల పాలు తీసే వేళ ఇంకా కాకముందు, మా అరుగు మీద అందరూ చేరాక అందరి కళ్ళ ముందూ చింపాలి. చదివేది మా మేనత్త శకుంతల. వెనక వీధిలో కాపురం, ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి, గొంతు మంచినీళ్ళ ధారలా సాగిపోయేది. వినేవాళ్ళు సరిగ్గా ఇరవై ముగ్గురు. ఆవిడ పక్కన కూర్చుని ఎవరు ఎవరిని అనుమానిస్తున్నారో వారం వారం గళ్ళు గీసి రాయడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే పెట్టుకున్నాను.

ఆ ఏడాది వచ్చిన కథలో ఒక జమీందారు తలుపులు వేసిన గదిలో చచ్చిపడి ఉంటాడు. చంపింది బావమరిదా, రెండో పెళ్ళామా, గుమాస్తానా, ఇంటికొచ్చి మందిచ్చే కాంపౌండరా అన్నది ఇరవై ఆరు వారాలు నడిచింది. మొదటి వారం ఆడవాళ్ళు కొత్త చింతపండులో గింజలు తీస్తూ విన్నారు, తర్వాత వడియాలకి గుమ్మడికాయ తరుగుతూ, ఎండలు ముదిరాక ముంజెలు వలుచుకు తింటూ, ఆపైన ఆవకాయ ముక్కలు తుడుస్తూ విన్నారు. వీలునామా మాయమైన వారం గంగమ్మ పెద్దమ్మ ఆవపిండి రెండుసార్లు పోసేసింది, ఆ జాడీ పచ్చడి తిన్నవాళ్ళందరికీ ఏడాది పొడుగునా ముక్కులోంచి నీళ్ళు కారాయి. రెండో పెళ్ళాం మాట వస్తే చాలు, "నీ చేతులు పడిపోనూ!" అని శాపనార్థాలు పెట్టేది కూడా ఆవిడే. మగవాళ్ళు మాకేం పట్టనట్టు చివర కూర్చుని తాడు పేనుతూ ఉండేవారు, మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు అని అత్త చదవగానే పేనే చేతులన్నీ ఒక్కసారి ఆగేవి.

కథ ముగిసిన మర్నాడు విందు. తప్పు మనిషిని అనుమానించినవాళ్ళు తలా ఒక గిద్దెడు మినప్పప్పు తేవాలి, మా ఇంట్లో గారెలు వండాలి, సరిగ్గా చెప్పినవాళ్ళు ముందు కూర్చుని తినాలి. అందుకని నా నోటు పుస్తకానికి పంచాయితీ కాగితానికున్నంత విలువ ఉండేది.

చిక్కల్లా ఏమిటంటే, మా ఊళ్ళోనూ ఒక కాంపౌండరు ఉన్నాడు. పిచ్చయ్య గారు. బెజవాడ ఆస్పత్రిలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చి, మా వీధి మొదట్లో ఒక గది తీసుకుని, ఆకుపచ్చ సీసాల్లో మందు పోసి, మోతాదులు తెలిసేలా పళ్ళు పళ్ళుగా కత్తిరించిన కాగితం సీసా పక్కన అంటించి ఇచ్చేవారు. ఎప్పుడూ స్పిరిట్ వాసన కొట్టే తెల్ల చొక్కా, చంకలో గొడుగు, నోట్లో మాట బహు తక్కువ. ఆయనా శుక్రవారం తప్పకుండా వచ్చి అరుగు చివర కూర్చునేవారు. మొదటి వారం నుంచీ ఆయన అనుమానం ఒక్కరి మీదే, గుమాస్తా. ఆ గడిలో ఆయన ఒక్కరి పేరే ఉండేది.

పంతొమ్మిదో వారంలో, కథలోని కాంపౌండరు గదిలో ఒక ఖాళీ సీసా దొరికింది. అత్త ఆ వాక్యం చదవగానే ఇరవై రెండు తలకాయలు ఒకేసారి అరుగు చివరికి తిరిగాయి. పిచ్చయ్య గారు పాపం పైపంచెతో మొహం తుడుచుకున్నారు.

మర్నాటి నుంచీ ఆయన గదికి జనం తగ్గారు. వచ్చినవాళ్ళు కూడా సీసా వెలుతురుకి పెట్టి చూసేవారు. మొదట గంగమ్మ పెద్దమ్మే అడిగేసింది, "ఏవీ అనుకోమాకండి పిచ్చయ్య గారూ, ముందు మీరో గుక్కెడు తాగండి" అని. ఆయన ఏమీ అనుకోలేదు, తాగారు. తరవాత అందరూ అదే పద్ధతి పట్టారు. నాట్లు అయిపోయి, దోమలు ముసిరి, ఊళ్ళో చలిజ్వరాలు తిరిగే రోజులవి. ఒకే రోజు తొమ్మిది మంది జ్వరాలకి తొమ్మిది గుక్కల క్వినైను ఆయనే తాగి, చెవుల్లో హోరు పుట్టి, మూడు రోజులు ఎవరేమన్నా "ఆఁ?" అనేవారు. తొమ్మిది అని నేనే లెక్కపెట్టాను, ఆ గది ఎదురుగా మేం తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వు ఆగింది ఆఖరి వారంలో. ఆ సోమవారం పదకొండింటికి మా నాయనమ్మకి చలి పట్టుకుంది. బుధవారం పదింటికి మళ్ళీ వచ్చింది, ఆ రోజు మంచం కోళ్ళు గచ్చు మీద టకటకలాడాయి. పిచ్చయ్య గారు వచ్చి చూసి, మందు కలిపి, ముందు తనే ఒక గుక్క తాగి చూపించినా ఆవిడ నోరు తెరవలేదు. ఆవిడ కాంపౌండరే హంతకుడన్న పద్నాలుగు మందిలో మొదటిది.

"వాడికి అలవాటైపోయిందిరా, వాడికేం కాదు," అంది మా నాన్నతో.

"అమ్మా, అది కథే!"

"కథ ఎవడో చూడందే రాస్తాడా?"

పోనీ గన్నవరం డాక్టరు గారి దగ్గరికి బండి కడతానంటే, "ఇరవై ఐదు వారాలు విని ఇరవై ఆరోది వదిలేసి పోతానా?" అని దుప్పటి ముసుగేసుకుంది. పిచ్చయ్య గారు నాన్నని వసారాలోకి పిలిచి, "ఇంకో రెండు దఫాలు వస్తే పెద్దావిడ తట్టుకోదండీ," అనడం నేను విన్నాను. నాన్న కంట్లో నీళ్ళు చూడడం నాకు అదే మొదలు. చివరికి ముసుగులోంచే ఆవిడ తీర్పు చెప్పింది.

"శుక్రవారం రానీ. పత్రికలో వాడు కాదని తేలితే తాగుతా."

శుక్రవారం రానే వచ్చింది. సన్నగా వాన. అరుగంతా తడిసిన గొడుగులు, పెసరట్ల వాసన. నాయనమ్మని మంచంతో సహా అరుగు మీదికి తెచ్చారు, రెండు బొంతల్లోంచి మొహం ఒక్కటే కనిపిస్తోంది, అప్పటికే పళ్ళు కొట్టుకుంటున్నాయి. పిచ్చయ్య గారు మందు సీసా ఒళ్ళో పెట్టుకుని యథాప్రకారం చివర కూర్చున్నారు. మూడింటికి అత్త పట్టీ చింపింది. నా చూపులూ ఆవిడ వేలు వెంటే అక్షరాల మీద నడుస్తున్నాయి. రెండో పేజీ తిప్పేసరికి ఆవిడ గొంతు ఆగింది. ఆ పేజీలో డిటెక్టివు వేలెత్తి చూపించింది కాంపౌండరునే.

అత్త మంచినీళ్ళు అడిగింది. గ్లాసెడూ తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. తరవాత, కళ్ళు కాగితం మీదే ఉంచి, గొంతు కాస్తయినా చెదరకుండా, కాగితంలో లేనిది చదివింది. "డిటెక్టివు మెల్లగా వెనక్కి తిరిగి గుమాస్తా భుజం మీద చెయ్యి వేశాడు."

అరుగంతా గొల్లుమంది. తాడు పేనేవాళ్ళలోంచి ఒకరు, "మరి ఆ ఖాళీ సీసా సంగతేంటి?" అన్నారు. అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "వినండి మరి, తొందరేంటి? అందులో ఉన్నది వాము నీళ్ళేనని పరీక్షలో తేలిందట," అని అదీ చదివేసింది. నేను నోరు తెరవబోతే నా తొడ మీద ఒక గిల్లు గిల్లింది. ఆ మచ్చ వారం ఉంది. మామూలుగా ఇరవై ఐదు నిమిషాలు పట్టే చదువు ఆ రోజు ముప్ఫై ఒకటి పట్టింది. అవగానే అత్త ఆ పత్రిక ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా చుట్టి బొడ్లో దోపుకుంది.

"రాయవే విమలా, గుమాస్తా అని రాయి," అంది.

అప్పటిదాకా ఆ పుస్తకంలో ఒక్క తప్పు లేదు. నాయనమ్మ వైపు చూశాను, బొంతలు వణుకుతున్నాయి. గుమాస్తా అని రాశాను.

"ఏదయ్యా పిచ్చయ్యా, ఇటు తే ఆ విషం," అంది నాయనమ్మ. ఆయన పాపం అలవాటుకొద్దీ మూత తీసి ముందు తనే ఒక గుక్క వేసుకున్నారు. అంత చలిలోనూ నాయనమ్మ నవ్వింది. ఆవిడ నవ్వేసరికి ఇక ఆపుకోలేక ఊరూ నవ్వింది. నాయనమ్మ మొహం చేదుగా పెట్టి గడగడా తాగేసింది. తెల్లవారు ఝామున మరో మోతాదు. ఆదివారం జ్వరం రాలేదు.

విందు మాత్రం నాయనమ్మ లేచి తిరిగేదాకా, ఆ పై గురువారం దాకా ఆపారు. తప్పు చెప్పినవాళ్ళు ఇరవై రెండు మంది, ఇరవై రెండు గిద్దలంటే ఐదున్నర సోలల పప్పు, డెబ్బై తొమ్మిది గారెలు తేలాయి. అత్తనీ నన్నూ కలుపుకుని ఇరవై ఐదుగురం, తలా మూడు చొప్పున డెబ్బై ఐదు. మిగిలిన నాలుగూ పిచ్చయ్య గారికి. ఆయన ఒక్కరే పీట మీద ముందు కూర్చుని, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, సిగ్గుతో తలెత్తకుండా ఏడు గారెలూ అల్లం పచ్చడితో తిన్నారు. ఆయన గెలిచారు గనక వడ్డించింది నాయనమ్మే.

ఆ సాయంత్రం ఆవిడ మూకుడు తోముతూ నన్ను పిలిచింది. ఆవిడకి చదువు రాదు.

"నిజం చెప్పవే. గెలిచింది నేనే గదా?"

"నీకెలా తెలుసు నాయనమ్మా?"

"మీ అత్త ఇరవై ఐదు వారాలు చుక్క నీళ్ళు అడక్కుండా చదివింది, ఆ రోజు అడిగింది. ఆపైన నీ మొహం చూశాను."

"మరి తెలిసీ ఆ మందెందుకు తాగావు?"

ఆవిడ మూకుడు బోర్లించి చేతులు దులుపుకుంది. "మీ అత్త పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధం ఆడలేదే. అలాంటిది ఒకడి కోసం ఆడిందంటే, వాడి చేతి మందు కళ్ళు మూసుకుని తాగొచ్చు." కాస్త ఆగి, "గిద్దెడు పప్పు పోయింది, పోనీ. ఆ పుస్తకం మాత్రం దిద్దమాక," అంది.

రాజ్యం గారి హాల్లో టైము ఏడూ పద్నాలుగు. నేను లేచి, చెయ్యి చాపి, "ముందు నన్ను గుచ్చమ్మాయ్," అన్నాను.

"మీకు టెస్టులేం రాయలేదు కదండీ?"

"రాయకపోతే ఏం, గుచ్చు."

దివ్య నవ్వేసి నా వేలి చివర చిన్న సూది గుచ్చి షుగరు చూసింది. నూట ఎనిమిది. రాజ్యం గారు నా కళ్ళలోకి, వేలికేసి, మళ్ళీ కళ్ళలోకి చూశారు. "ఏమన్నా అవుతోందా?" అన్నారు. ఆకలవుతోందన్నాను. ఆవిడ ఫక్కున నవ్వి చెయ్యి ముందుకు పెట్టారు. ఏడూ పంతొమ్మిదికి పని అయిపోయింది. దివ్యకి కాఫీ ఇచ్చింది కూడా ఆవిడే. ఇప్పుడా పిల్ల వస్తే, ఆదివారం కార్యక్రమంలో ఎవరు చంపారో ముందు తనని చెప్పమంటారు. నేను కొత్త నోటు పుస్తకం ఒకటి కొన్నాను. ప్రస్తుతానికి మూడు పేర్లు.

పాత లెక్క ఇది. అరుగు ఒకటి, పోయింది. వారపత్రిక ఒకటి, ఆగిపోయింది. విన్నవాళ్ళు ఇరవై ముగ్గురు, చదివినావిడ ఒకరు, అందరూ పోయారు. పళ్ళ కాగితం అంటించిన ఆకుపచ్చ సీసాలు ఎన్నో లెక్క లేదు, ఒక్కటీ దాచలేకపోయాను. గిద్ద కొలత ఒకటి, ఇల్లు మారినప్పుడు పోయింది. నోటు పుస్తకం ఉంది. అందులో తప్పు ఒకటి. దిద్దలేదు.